కారు కిందకి దూరిందెవరు

మా మరిది చొక్కా వీపు మీద మరక చూసేక నా అనుమానానికి ఒక చోటు దొరికింది. అంతకు ముందు అనుమానం లేదని చెప్పను. ఉంది. గాదెలో ఎలక తిరిగినట్టు తిరిగేది, చప్పుడే తప్ప కనిపించేది కాదు. ఆ మరకతో దాని తోక కనిపించింది.

మాకు ఒక పాత అంబాసిడర్ కారుంది. తెల్లది. మా ఆయన కొన్ననాటికే అది పాతది. ఇప్పుడు మరీ పాతదయ్యేసరికి దానికి మళ్లీ గిరాకీ పుట్టింది. పలాస నుంచి టెక్కలి దాకా పెళ్లికొడుకులకి ఊరేగడానికి పాత తెల్ల కారే కావాలట. ఏసీ కారులో చల్లగా వస్తారు, ఊరి మొదట్లో దిగుతారు, మా కారెక్కి చెమటలు కక్కుకుంటూ ఊరేగుతారు. ఫొటోల్లో బాగుంటుందట. బాగుంటే మాకు మంచిదే.

మాది ఉద్దానం, సముద్రం పక్క. తుపాను మా కొబ్బరితోటని పడుకోబెట్టేసింది. మళ్లీ వేసిన మొక్కలు ఇంకా కాపుకి రాలేదు. ఆ తరవాత మా ఆయన్ని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. మా ఊళ్లలో ఏ గుమ్మంలో అడిగినా ఆ మాటే చెప్తారు, అంచేత నేను కొత్తగా చెప్పేదేం లేదు. రక్తం శుభ్రం చేయించుకోడానికి ఆయన పలాస వెళ్లొచ్చింది కూడా ఈ కారులోనే. తోలింది మరిదే. ఆయన పోయేక మిగిలింది నేనూ, ఆ కారూ.

కారు నా పేరున ఉంది, తోలేది మరిది. దాని మీద వచ్చిన దానితోనే నా పొయ్యీ, పక్క వాటాలో వాళ్ల పొయ్యీ వెలుగుతాయి. అది చేజారిపోతే నేను మళ్లీ పలాస వెళ్లి జీడిపిక్కలు కొట్టుకోవాల. పెళ్లికి ముందు ఆ పనే చేసేను. జీడిపిక్క తొక్కలో నూనె ఉంటుంది, అది తగిలిన చోట తోలు కాలిపోతుంది. బూడిద పూసుకున్నా, ఆముదం రాసుకున్నా వేళ్ల కొసలు నల్లబడి పొలుసులు ఊడేవి. అన్నం కలుపుకుంటే మంట. మా ఆయన పెళ్లిచూపులకి వచ్చి మొకం కంటే ముందు నా వేళ్లు చూసేడు. ఇంక ఆ పనికి పంపనన్నాడు. పంపలేదు. ఈ వయసులో మళ్లీ ఆ పీట మీద కూర్చోవడమంటే నాకు భయం. కారు అమ్మేద్దామని ఎవరన్నా నాకు ఆ పీటే కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాల. కారు నాదే కానీ అది పెళ్లికి బయల్దేరేటప్పుడు నేను ఎదురు రాకూడదు. మొగుడు పోయినదాన్ని కదా. మా తోటికోడలు, అంటే మరిది పెళ్లాం, స్టీరింగుకి పసుపు రాసి కుంకం బొట్టు పెడుతుంది, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంది. నేను తలుపు వెనకాల ఉంటాను. నిమ్మకాయ చిట్లిన చప్పుడు వింటాను, గేరు పడిన చప్పుడు వింటాను, ఇసకలోంచి రోడ్డెక్కిన చప్పుడు వింటాను. నా బండి పెళ్లికెళ్లడం నేను ఇన్నాళ్లూ చెవులతోనే చూసేను. దానికి ఎవరినీ ఏమీ అనను, లోకం అలా పెట్టింది. కానీ కంటితో చూడనిది ఎంతవరకని నమ్ముతాం.

ఎండల్లో టెక్కలి దగ్గర ఒక పెళ్లిలో విశాఖపట్నం ఆయనెవరో మా కారు చుట్టూ తిరిగి తిరిగి చూసేడట. పాత కార్లు కొని, బాగుచేయించి, షెడ్డులో పెట్టుకుని మురిసిపోవడం ఆయనకి సరదా అట. మరిది ఫోను నెంబరు తీసుకున్నాడు. కారు ఎవరిదని అడగలేదు, నా నెంబరు అంతకంటే అడగలేదు. అప్పట్నుంచి ఫోను మోగితే మరిది పెరట్లోకి వెళ్లి మాట్లాడ్డం మొదలెట్టేడు. ఆ తరవాత కొద్ది రోజులకే స్టీరింగు వదులయ్యింది.

ఒక కిరాయికి వెళ్లొచ్చి వాడు మా గుమ్మంలో చతికిలబడ్డాడు.

"వొదినా, స్టీరింగు లూజైపోనాది. నాను ఇటు తిప్పితే అది కాసేపు ఆలోసించుకుని అప్పుడెల్తంది. ఆయివే మీద లారీ పక్కనుంచి పోతే పేనం పోయినట్టయ్యింది."

"ఎప్పట్నుంచి?"

"శాన్నాళ్లయ్యింది. ఇప్పుడెక్కువయ్యింది."

"ఇశాపట్నం బాబు సూసెల్లిన కాణ్ణుంచా?"

వాడు నా మొకం కేసి చూసేడు. "ఏటి నీ ఉద్దేశం?"

"ఉద్దేశమేటుంది బావు. ఎప్పుడని అడిగేను."

"అమ్మీడమే మేలు వొదినా. అడిగినోడున్నప్పుడే ఒగ్గేయాల. రేపు నా సేతిలో ఏ పెళ్లికొడుకో కాలవలో పడితే మన మొకం ఎవులు సూత్తారు?"

వాడు బజారుకి వెళ్లేక తోటికోడల్ని పిలిచి కారు ముందు చక్రం దగ్గర కూర్చోబెట్టేను. నేను తోలేవాడి సీట్లో కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. స్టీరింగు నెత్తి మీద పాత కుంకం బొట్టు ఎండి ఉంది. దాన్నే చూసుకుంటూ నెమ్మదిగా తిప్పేను. బొట్టు బెత్తెడు దూరం జరిగింది.

"కదిలిందేటే సెక్రం?" అనడిగేను.

"నేదప్పా. అలగే ఉంది."

"సరిగ్గా సూసేవా?"

"సెక్రమంటే సీమేటి, కనపడకపోడానికి" అంది.

అంటే వదులు నిజమే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ వదులైందా, వదులు చేసేరా? దానికి బొట్టు జవాబు చెప్పదు.

మరిది నాకు చెప్పకుండా టెక్కలి తీసుకెళ్లి రోడ్డు పక్క ఒక షెడ్డులో బిగించి తెచ్చేడు. కింద ఏదో మర ఉందట, దాన్ని తిప్పితే బిగుస్తుందట. తెచ్చిన రోజు బాగానే ఉందన్నాడు. తరవాత మలుపు తిప్పితే స్టీరింగు తిరిగి రావడం లేదు, చేత్తో లాక్కుని తేవాల్సి వస్తోంది అన్నాడు. ఇంకొన్నాళ్లకి, తిన్నగా వెళ్లేటప్పుడు మళ్లీ లూజు, తిప్పేటప్పుడు మాత్రం బిగుతు అన్నాడు. ఒక రోగానికి వెళ్లి రెండోది తెచ్చుకున్నట్టయ్యింది.

"సూసేవా వొదినా, ఇంక దీనికి మందు నేదు" అన్నాడు.

మాట మెత్తగానే ఉంది. మెత్తగా ఉన్నందుకే నాకు నచ్చలేదు. మా మరిది మెత్తగా మాట్లాడే మనిషి కాదు.

వానలు పడే ముందు ఒక మధ్యాన్నం, మొక్కలకి నీళ్లు పోద్దామని తోటలోకి వెళ్లేను. కారు జీడిచెట్టు నీడలో ఉంది. దాని కిందనుంచి రెండు కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. మరిదివే. పాదాలు నాకు తెలుసు.

"ఏటి సేత్తన్నావు?"

కదులుతున్న కాళ్లు ఆగిపోయాయి. "ఏటీ నేదు వొదినా. సూత్తన్నాను."

"సూడ్డానికి సీసా ఎందుకు?" చక్రం పక్కన నల్లటి సీసా ఒకటి, గుడ్డపేలిక ఒకటి ఉన్నాయి.

"డీజిలు. తుప్పు కడగడానికి."

అన్నాడే గానీ బయటికి రాలేదు. నేను వెళ్లే దాకా అలాగే పడుకున్నాడు. మరునాడు కుళాయి దగ్గర తోటికోడలు వాడి చొక్కా బాదుతోంది. వీపు నిండా నల్లటి మరక, మధ్యలో ఎర్రగా, ఇసక అంటుకుని. "ఎంత సబ్బెట్టినా పోదప్పా, ఏటి పూసుకొచ్చేడో" అంది. సబ్బు వాసన తప్ప ఏ వాసనా తెలీలేదు. గ్రీజనుకున్నాను. గ్రీజంటే నట్లు. నట్లు ఇప్పుతున్నాడు. కొంచెం కొంచెం ఇప్పి, నాకు భయం పెట్టి, నా నోటితోనే అమ్ముదామనిపించి, విశాఖపట్నం వాడి చేతిలో పెడతాడు. అంతా నాకు ఎదురుగా కనిపించినట్టే అయ్యింది.

"మీ అన్నియ్య ఎల్లే షెడ్డుకే పోదాం, పలాస" అన్నాను వాడితో. "నానూ వత్తాను."

"నీకెందుకు వొదినా ఎండలో. నాను సూపించుకొత్తాను గదా."

"టెక్కిలి నువ్వే సూపించుకొచ్చేవు. ఈసారి నాను సూత్తాను."

పలాసలో ఆ మెకానిక్ మా ఆయనకి పాత స్నేహితుడు. నన్ను చెల్లెమ్మా అంటాడు. జుట్టంతా నెరిసిపోయింది కానీ ఇప్పటికీ తనే కారు కిందకి దూరతాడు. షెడ్డులో నీడ తక్కువ. ఒక పాత టైరు మీద గోనె వేసుకుని కారుకి ఎదురుగా కూర్చున్నాను.

"సెల్లెమ్మా, మీవోళ్లింటికెల్లి సాయంత్రం రా. ఇక్కడ కోకంతా మసైపోతాది" అన్నాడు.

"పోతే ఉతుక్కుంటానన్నియ్యా. ఇప్పిన పాత సామానంతా నా ఒళ్లో పెట్టు."

"ఎందుకు, కూరొండుతావా?"

"కొత్తది ఏసేవో, పాతదే తుడిసి పెట్టేవో నాకెలగ తెలుస్తాది?"

మెకానిక్ మరిది వైపు తిరిగి నవ్వేడు. "మీ వొదిన పోలీసుల్లో సేరాల్సింది రా."

"ఇంట్లో అదే ఉజ్జోగం" అన్నాడు మరిది. వాడు నవ్వలేదు. టీ తెస్తానని బయటికి పోయాడు.

వాడు రోడ్డు దాటేదాకా చూసి, అప్పుడు మెకానిక్‌తో నెమ్మదిగా అన్నాను. "అన్నియ్యా, నట్లు ఎవులైనా ఇప్పినట్టుందేటో సూడు."

"ఎవులిప్పుతారమ్మా?"

"ఎవులైనా."

ఆయన నా మొకం చూసేడు, రోడ్డు కేసి చూసేడు, ఇంకేం అడగకుండా కిందకి దూరేడు. చాలాసేపు సుత్తి చప్పుడూ, రెంచీ చప్పుడూ. నేను టైరు మీంచి ముందుకి వంగి వింటూ కూర్చున్నాను.

"ఎవులూ ఇప్పనేదు" అని కిందనుంచి గొంతు వచ్చింది. "నట్ల మీద మట్టి పెచ్చు కట్టీసుంది, ఎక్కడా పగల్నేదు. టెక్కిలోడు తిప్పిన మర ఒక్కటే మెరుస్తంది. అది అతిగా బిగించీసేడు, అందుకే మలుపులో పట్టీసింది. కానీ ఒదులు దాంది కాదు సెల్లెమ్మా."

"మరి దేంది?"

ఆయన బయటికొచ్చి చేతులతో చూపించి చెప్పేడు. చక్రాల్ని తిప్పే అడ్డకడ్డీ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుందట. దిమ్మలు పాడైతే మనం స్టీరింగు తిప్పినప్పుడు ముందు ఆ కడ్డీయే పక్కకి జరుగుతుంది, చక్రం తరవాత తిరుగుతుంది. కడ్డీ కొసల్లో కీళ్లుంటాయి, వాటికీ రబ్బరు తొడుగులుంటాయి. అవీ పోయాయి. లోపలికి మన ఇసక దూరి కీళ్లు అరిగిపోయాయి. ఇదంతా చెప్పి, అన్న మాట ప్రకారం పాత రబ్బరు తెచ్చి నా ఒళ్లో కాగితం మీద పెట్టేడు.

"ఇంజను ఆయిలు కారి ఉంటాది" అన్నాడు.

అది రబ్బరులా లేదు. పాకం కుదరని బెల్లంలా వేలికి సాగింది. రెండు వేళ్ల మధ్య నలిపేను. కాసేపటికి వేళ్ల సందులో చురుక్కుమంది. ఆ చురుకు నాకు తెలుసు. వాసన చూడక్కర్లేకపోయినా చూసేను.

"ఇది ఇంజను ఆయిలు కాదన్నియ్యా. జీడి తొక్కల నూనె."

మరిది అప్పుడే టీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చేడు. ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు.

"సీసాలో డీజిలన్నావు" అన్నాను.

వాడు చేతిలో గ్లాసుల కేసి చూసుకున్నాడు.

"నా బండి రబ్బర్లు కరగబెట్టడానికి జీడి నూనె పోసేవా? ఇశాపట్నం బాబు సెప్పేడా నీకు?"

వాడు గ్లాసులు బల్ల మీద పెట్టేడు. "పొయ్యడం కాదు వొదినా. రాసేను. అన్నియ్య రాసేవోడు."

"ఏ అన్నియ్య?"

"మీ ఆయన, ఇంకెవులు. సముద్రం గాలి కింద రేకుని తినేత్తాదని ఏటేటా వానల ముందు రాసేవోడు. పడవలకి రాయరేటి? అలగే. నన్ను కూడా కింద పడుకోబెట్టి రాయించేవోడు."

"నాకు సెప్పనేదేటి మరి?"

"ఎలగ సెప్తాడు? ఆ నూనె గుమ్మం తొక్కకూడదని పెళ్లప్పుడు నువ్వు మాట తీసుకున్నావట గదా. అందుకే తోటలో రాసేవోడు. మీ వొదినకి సెప్పకురా అన్నాడు. అన్నోడు పోయేడు. నానేటని సెప్పాల ఇప్పుడు?"

మాట తీసుకున్నది నిజమే. మా ఆయన మాట తప్పలేదు కూడా, ఆ నూనె మా గుమ్మం తొక్కలేదు. గుమ్మానికి కనుచూపు మేరలో, జీడిచెట్టు కింద, ఏటేటా బండికి పూసేడు. నా మాటలు కాగితం మీద పెట్టేవాళ్లకి చెప్తున్నాను, ఈ ముక్కని మెత్తబరచకండి. నాకు కోపమొచ్చింది. బతికున్న మనిషైతే రెండు రోజులు మాట్లాడ్డం మానేసేదాన్ని. పోయినాయన మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు. ఒళ్లో ఆ జిగురు ముద్ద పెట్టుకుని కూర్చున్నాను.

మరిది ఇంకా చెప్తున్నాడు. "ఈ మద్దిన ఒదులెక్కువైంది గదా, తుప్పు పట్టి అరుగుతంది గావాల అనుకున్నాను. అందుకని ఇంకొంచెం పూసేను. మళ్లీ ఒదులైతే మళ్లీ పూసేను."

మెకానిక్ తల పట్టుకున్నాడు. "ఏ నూనె వల్ల రోగం వొచ్చిందో ఆ నూనే పట్టించేవన్నమాట. రేకు మాత్రం సూడండి, ఎక్కడా సిల్లు నేదు. ఈ ఉప్పుగాలిలో ఇన్నేళ్లున్న బండంటే ఎవులూ నమ్మరు. కానీ రబ్బరుకి ఆ నూనె పడదురా. మెత్తబెట్టీసి కరగదీసెత్తాది."

"నీకు తెలుసా అన్నియ్యా, మా ఆయన రాత్తాడని?" అని మెకానిక్‌నే అడిగేను.

ఆయన రెంచీ తుడుచుకుంటూ తుడుచుకుంటూ, "వాసనొచ్చేది" అన్నాడు. "అడిగితే నవ్వి ఊరుకునేవోడు."

అంటే వీళ్లందరికీ తెలుసు. కారు నాది, తెలీనిది నాకొక్కదానికే. ఇంకేం దాచేరో అనిపించింది. నట్లు ఎవరూ ఇప్పలేదు, బాగుంది. జీడి నూనె వెనకాల కుట్ర లేదు, అదీ బాగుంది. మరి పెరట్లోకి వెళ్లి మాట్లాడిన ఫోన్ల మాటేమిటి? వాటికి తుప్పుతో పనేముంది?

కొత్త దిమ్మలు వేసేడు, కొసల కీళ్లు మార్చేడు. టెక్కలిలో బిగించిన మర కొంచెం వదిలేడు. పేరుకున్న నూనంతా కిరసనాయిలుతో కడిగించేడు. ఆఖర్న బండికి అటూ ఇటూ దారం కట్టి, చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా అని ఒక కన్ను మూసుకుని చూసేడు. నేనూ ఒక కన్ను మూసుకుని చూసేను. "కనపడిందా సెల్లెమ్మా?" అన్నాడు. "కనపడిన దానికి తిన్నగానే ఉంది" అన్నాను. ఇంకమీదట గ్రీజు తప్ప కింద ఏదీ తగలకూడదని మరిదికి చెప్పేడు. నాకు కూడా విడిగా చెప్పేడు. నాకు చెప్పడమే మంచిదయ్యింది.

తిరుగు ప్రయాణంలో నేను ముందు సీట్లో, మరిది పక్కన కూర్చున్నాను. పూండి రోడ్డెక్కేక గమనించేను, వాడి చేతులు స్టీరింగు మీద ఇటు కొంచెం అటు కొంచెం ఆడుతూనే ఉన్నాయి. వాటితో పాటు బండి కూడా సన్నగా ఊగుతోంది.

"ఎందుకలగ ఊపుతున్నావు? ఇంకా లూజుందేటి?"

"నేదు వొదినా. సేతులకి అలవాటైపోనాది. ఇన్నాళ్లూ ఊపకపోతే తిన్నగా ఎల్లేది కాదు."

"ఇప్పుడెల్తందా?"

"ఎల్తంది."

"అయితే ఊపకు."

అప్పుడే వాడి ఫోను మోగింది. పేరు చూసి జేబులో పెట్టేసుకోబోయాడు.

"ఎవులు?"

"ఆయనే."

"ఎత్తు. నాకూ వినపడేటట్టు పెట్టు."

జీడితోట పక్కన బండి ఆపేడు. ఫోను మా ఇద్దరి మధ్య పట్టుకున్నాడు. అవతలాయన పలకరింపు కూడా లేకుండా, "ఏమయ్యా, మీ వదినగారిని ఒప్పిస్తానన్నావు, ఒప్పించావా?" అన్నాడు.

మరిది నా కేసి చూడలేదు. అద్దంలోంచి రోడ్డు చూసేడు. "నేదు బాబూ. స్టీరింగు బాగైపోనాది. ఆవిడ ఇక్కడే ఉంది. అమ్మం."

"బాగైతే ఇంకా మంచిదేగా. మాట్లాడుకుందాం."

"అమ్మం బాబూ" అని ఫోను కట్టేసేడు.

జీడిచెట్ల మీంచి గాలి వస్తోంది. "ఒప్పిత్తానని నువ్వే అన్నావన్నమాట" అన్నాను.

"అన్నాను."

"ఎందుకు?"

"బయమేసింది. అన్నియ్య కారు నా సేతిలో పాడైపోతందని. పాడవకముందే ఎవరికైనా ఇచ్చీత్తే, ఆ మాట నా మీదకి రాదు గదా."

"అదొక్కటేనా?"

"అదొక్కటే వొదినా."

నమ్మేను అని చెప్పలేను. నమ్మలేదని కూడా చెప్పలేను. అన్న చెప్పినమాట అన్నేళ్లు కడుపులో దాచుకున్నవాడు ఇంకొకటి దాచుకోలేడని ఎవరనగలరు. కానీ పెళ్లిళ్ల రోజులు దగ్గరకొచ్చేయి. కారు ఉంచుకుంటే తోలడానికి వాడే ఉన్నాడు. ఇంకొకడి కింద నా బండి పెట్టలేను.

"పోనీ" అన్నాను.

బండి కదిలింది. ముందు మలుపొచ్చింది. వాడు తిప్పేడు, మలుపు చివరికొచ్చేం.

"సెయ్యి తియ్యి" అన్నాను.

"ఏటి?"

"స్టీరింగు మీంచి సెయ్యి తియ్యి."

తీసేడు, పూర్తిగా కాదు, ఆపడానికి వీలుగా అరచేతులు రెండు పక్కలా దగ్గరగా ఉంచుకుని. స్టీరింగు దానంతటదే నెమ్మదిగా వెనక్కి తిరిగి, తిన్నగా వచ్చి ఆగింది. ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

"సాలా వొదినా?"

"ఇంకొంచెం సేపు" అన్నాను. స్టీరింగు సంగతి తేలిపోయింది. నేను చూస్తున్నది వాడి మొకాన్ని.